గుత్తి కోట: కొండ మీద నీళ్లు, కొండ కింద ముట్టడి

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో డోన్ దాటి దక్షిణానికి వస్తుంటే, అనంతపురం ఇంకా యాభై కిలోమీటర్ల పైచిలుకు ఉందనగా, చదును నేల మీద ఉన్నట్టుండి రాతికొండల గుంపు ఒకటి లేస్తుంది. ఆ కొండల నడుములకు గోడలు చుట్టి ఉంటాయి. అదే గుత్తి కోట. పై శిఖరం సముద్రమట్టానికి 2,171 అడుగుల ఎత్తున ఉంది. కింద ఊరి నుంచి చూస్తే దాదాపు వెయ్యి అడుగులు. బస్సు కిటికీలోంచి చూసి ఏదో పాత కోట అనుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ, దిగి ఎక్కేవాళ్లు తక్కువ.

వానలు సరిగా పడని చోట, ఎవరూ సులభంగా ఎక్కలేని బండ మీద కోట కట్టుకుని, శత్రువు కింద గుడారాలు వేసుకుని కూర్చుంటే పైన నెలల తరబడి బతకడం ఎలా? చాలా దేశాల్లో రాజులకు ఈ చిక్కు ఎదురైంది. ఇలాంటి కోటల్లో ప్రపంచమంతటా పేరున్నది ఇజ్రాయెల్‌లో మృత సముద్రం పక్కనున్న మసాదా. యూదుల చరిత్రలో దానికున్న చోటు మరే కోటకూ లేదు. తెలుగు నేల మీద ఆ కోవలో మొదట చెప్పుకోవలసింది గుత్తి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మసాదాలో మనుషులు పోయారు, నీళ్లు మిగిలాయి. గుత్తిలో మనుషులు మిగిలారు, నీళ్లే అయిపోయాయి.

బండ, వాన, లెక్క

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వానచాటున ఉంది. నైరుతి రుతుపవనం తన సరుకంతా కనుమల అవతలే దించేసి ఇటు వట్టి గాలిగా వస్తుంది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం దాటి లోపలికి వచ్చేసరికి నీరసించిపోతుంది. ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనన్న మాట బడిపిల్లల నుంచి సభల్లో మాట్లాడే నాయకుల దాకా అందరి నోటా వినబడుతుంది. అలాగని దీన్ని ఎడారి అనలేం. మసాదా చుట్టుపక్కల ఏడాదికి 50 మిల్లీమీటర్లు కూడా పడవు. ఇక్కడ వేరుశనగ పండుతుంది, జొన్న పండుతుంది, మామిడి, చీనీ తోటలు పెరుగుతాయి. ఏ ఏడాది పండుతాయో, ఏ ఏడాది ఎండుతాయో మాత్రం ఎవరూ చెప్పలేరు.

కోట కట్టేవాడు చూసేది సగటు వర్షాన్ని కాదు, బండను. పొలంలో పడ్డ వానను మట్టి తాగేస్తుంది. బోడి బండ మీద పడ్డ వానలో చాలా భాగం జారి కిందికి వస్తుంది. జారే దారిలో ఒక నెర్రెకు అడ్డంగా రాతికట్ట కట్టి, సందులకు గచ్చు పూస్తే నీళ్లు అక్కడే నిలుస్తాయి. ఒక ఎకరం బండ మీద ఏడాది పొడవునా 550 మిల్లీమీటర్ల వాన పడితే 22 లక్షల లీటర్లు. ఎండకు, నెర్రెలకు సగం పోయినా 11 లక్షల లీటర్లు దక్కుతాయి. మనిషికి తాగడానికీ వండుకోవడానికీ రోజుకు అయిదు లీటర్లు చాలనుకుంటే, వెయ్యి మంది ఏడు నెలలు గడుపుకోవచ్చు. ఒక్క ఎకరం బండతో!

గుర్రాలు చేరితే ఈ లెక్క తలకిందులవుతుంది. గుర్రం రోజుకు ముప్పై లీటర్లకు తక్కువ తాగదు. వెయ్యి గుర్రాలుంటే అవే 11 లక్షల లీటర్లు నెల దాటేసరికి తొట్టి అడుగుకు చేరతాయి. గుత్తిని ఏలినవాళ్లలో పేరుమోసిన మనిషి రౌతుల దండుతో బతికిన మరాఠా సర్దారు అన్న సంగతి ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

రాయలసీమ కొండల మీద నీళ్లు నిలిచే చోట్లు రకరకాలుగా ఉంటాయి. బండలో సహజంగా ఏర్పడిన గుంటను దొన అంటారు. లోతైనదైతే గుండం. మెట్లు కట్టి, గట్లు పేర్చినది కోనేరు. ఇసుకలో చేత్తో తవ్వుకునేది చెలమ. కోట కట్టే ఒడ్డెవాళ్ల పనితనమంతా మొదటి రకాన్ని మూడో రకంగా మార్చడంలో ఉండేది. గోడ కట్టడం తర్వాతి పని. నీళ్లు లేని కొండకు ఎంత గోడ కట్టినా అది కోట కాదు.

చుట్టుపక్కల దుర్గాలు

ఈ పీఠభూమిలో గుట్టకొక కోట ఉందంటే అతిశయోక్తి కాదు. పాళెగాళ్ల కాలంలో కొండ ఉన్న ప్రతి ఊళ్లోనూ బురుజు లేచింది. రాయదుర్గం, మడకశిర, రత్నగిరి వంటివి ఇప్పటికీ చూడదగ్గవి. వాటన్నిటిలో పెనుకొండది పెద్దపీట. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలాక తిరుమల రాయలు రాజధానిని అక్కడికే మార్చాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. గుత్తి, రాయదుర్గం అనంతపురం జిల్లాలో మిగిలాయి.

పెనుకొండ ముట్టడుల్లో ఒకటి గుత్తి కథకు ముందుమాటలా పనికొస్తుంది. 1580ల చివర గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా పెనుకొండను చుట్టుముట్టాడు. కోటలో ఉన్న వేంకటపతి రాయలు సంధి మాటలు కదిపాడు. సుల్తాను నమ్మి కాస్త వెనక్కి తగ్గాడు. దొరికిన ఆ మూడు రోజుల్లో జగదేవరాయుడూ ఇతర సర్దార్లూ మనుషులతో, తిండిగింజలతో కోటను నింపేశారు. ముట్టడి మళ్లీ మొదలైంది గాని, వానాకాలం దగ్గర పడింది. కృష్ణ పొంగితే ఇంటిదారి మూసుకుపోతుందన్న భయంతో సుల్తాను డేరాలు ఎత్తేశాడు. సంధి మాటలు కోటను కాపాడిన సందర్భం అది. రెండు వందల ఏళ్ల లోపే గుత్తిలో అవే సంధి మాటలు కోటను ముంచాయి.

శంఖంలో పదిహేను కోటలు

గుత్తి పేరు గౌతమ ముని నుంచి వచ్చిందని స్థలపురాణం. శాసనాల సంగతి వేరు. కొండ బండల మీద చెక్కిన పాత శాసనాలు కన్నడంలో ఉన్నాయి. అవి కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటివి. ఆయన 1076 నుంచి యాభై ఏళ్లు ఏలాడు కాబట్టి, ఈ కొండ మీద మనుషుల సందడికి కనీసం తొమ్మిది వందల ఏళ్లు. విజయనగర బుక్కరాయల పేరుతో ఉన్న సంస్కృత శ్లోకమైతే ఈ కొండను దుర్గాలకే రాజని పొగుడుతుంది. కవులు పొగుడుతూనే ఉంటారు గాని, ఈ పొగడ్త మాత్రం ఎక్కినవాడికి అబద్ధమనిపించదు. విజయనగరం తర్వాత గోల్కొండ, ఆపైన మొగలులు, పద్దెనిమిదో శతాబ్దం నడిమికి మరాఠాలు దీన్ని చేజిక్కించుకున్నారు.

కోట మొత్తం ఒకే గోడ కాదు. ఒకదానికొకటి ఆనుకున్న కొండల మీద పదిహేను చిన్న కోటలు, పదిహేను పెద్ద వాకిళ్లు, వాటిని కలుపుతూ పోయే గోడలు. పైనుంచి చూస్తే శంఖం ఆకారంలో ఉంటుందని ఊళ్లో చెబుతారు. శత్రువు ఒక వాకిలి విరగ్గొడితే ఎదురుగా ఇంకొకటి కనబడుతుంది. బాట వాకిలి వాకిలికీ మలుపు తిరుగుతుంది. ఏనుగును పరుగెత్తించి తలుపును గుద్దించే వీల్లేకుండా చేసిన ఏర్పాటు ఇది. వాకిళ్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి గోడను పరీక్షగా చూడాలి. పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండానే ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టిన చోట్లు కొన్ని, ఇటుకా గచ్చూ వాడి తర్వాత అతికిన చోట్లు కొన్ని. ఏ రాజు కాలంలో ఏది కట్టారో పుస్తకం లేకుండానే కొంత తెలుస్తుంది. రాతి గోడ పాతది, తుపాకీ కన్నాలున్న ఇటుక పిట్టగోడ తుపాకులు వచ్చాక కట్టింది.

నడిమి ఎత్తున ధాన్యపు కొట్లు, మందుగుండు దాచిన కట్టడాలు, గుళ్లు, కూలిన మేడల మొండి గోడలు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి బావులూ తొట్లే. నూటొక్క బావులని ఒకరు, నూటెనిమిదని ఇంకొకరు చెబుతారు. మన వాళ్లకు శుభసంఖ్యల మీద మోజు ఎక్కువ కాబట్టి ఆ అంకెలను పట్టించుకోనక్కర్లేదు. ఎన్నో ఉన్నాయన్నది మాత్రం నిజం. కొన్ని బండ నెర్రెలను అడ్డుకట్టతో మూసి చేసినవి, కొన్ని మెట్లతో దిగే బావులు. పై బావుల్లో ఒకదానికి కొండ కింది వాగుతో సంబంధం ఉందని, వాగులో నీళ్లుంటే బావిలోనూ ఉంటాయని ఒక కథ చాలాకాలంగా నడుస్తోంది. వెయ్యి అడుగుల ఎత్తుకు వాగు నీళ్లు వాటంతటవే ఎక్కవు. ఎక్కి ఉంటే 1776 నాటి ముట్టడిలో గుత్తి చరిత్ర ఇంకోలా ముగిసేది.

శిఖరం దగ్గర, కొండ నిట్టనిలువుగా తెగిపోయే అంచున, గచ్చుతో నున్నగా తీర్చిన చిన్న మండపం ఉంది. ఇందాక చెప్పిన మరాఠా సర్దారు పేరుతో దాన్ని మురారి రావు గద్దె అంటారు. అక్కడ కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడట, ఉయ్యాల ఊగేవాడట. ఖైదీలను ఎదుటి బండ మీది నుంచి కిందికి తోయిస్తుంటే చూసేవాడని కూడా చెబుతారు. ఈ చివరి మాటను దేశంలో సగం కోటల్లో ఎవరో ఒక రాజు గురించి చెబుతుంటారు. నమ్మడం నమ్మకపోవడం ఎక్కినవాడి ఇష్టం. అక్కడ నిలబడితే పీఠభూమి ముప్పై నలభై కిలోమీటర్ల మేర ఒకే చూపుకు అందుతుంది. కాపలాకు ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మురారి రావు, హైదర్ అలీ, మూడు రోజుల నీళ్లు

మురారి రావు ఘోర్పడే పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణాదిలో ఎవరి లెక్కలోనైనా ఉండవలసిన మనిషి. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకున్నాక అక్కడ పెత్తనం ఆయనదే. రెండేళ్లకు దాన్ని నిజాముకు వదిలి వచ్చేశాడు. తర్వాత గుత్తి ఆయన అడ్డా అయింది. 1751లో ఆర్కాటు కోటలో రాబర్ట్ క్లైవు చిక్కుకుపోయినప్పుడు, మురారి రావు రౌతులు సాయానికి కదిలారన్న వార్త ముట్టడివాళ్లను తొందరపెట్టింది. ఫ్రెంచివాళ్లతో కొన్నాళ్లు, ఇంగ్లీషువాళ్లతో కొన్నాళ్లు, పీష్వాతో కొన్నాళ్లు. డబ్బిచ్చినవాడి పక్షాన కత్తి దూయడం ఆ కాలపు నీతి. అందులో ఆయన్ను ప్రత్యేకంగా తప్పుపట్టలేం.

బళ్లారి పని ముగించుకుని మైసూరు పాలకుడు హైదర్ అలీ గుత్తి మీదికి వచ్చాడు. అప్పటికి పూనాలో పీష్వా ఇంట్లోనే తగువులు నడుస్తున్నాయి. అక్కడి నుంచి సాయం వస్తుందన్న ఆశతో మురారి రావు లొంగలేదు, సాయం రానూలేదు. ఊరూ కింది కోటా ముందు పోయాయి. పైకోట చెక్కుచెదరలేదు. కింది నుంచి ఫిరంగి గుండు అంత ఎత్తుకు అందడం కష్టం, నిచ్చెనలు వేసి ఎక్కడం ఇంకా కష్టం. కింది కోట చేజారాక అక్కడి జనమూ పశువులూ పైకి చేరితే తొట్ల మీద ఎంత భారం పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. అది వానలు పడే కాలం కూడా కాదు.

చివరి ఘట్టాన్ని మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ వివరంగా చెప్పాడు. మురారి రావు సంధికి మనిషిని పంపాడు. ముట్టడి ఎత్తేస్తే పన్నెండు లక్షలిస్తానన్నాడు. ఎనిమిది లక్షలకు రొక్కమూ నగలూ, మిగతా నాలుగు లక్షలకు జామీనుగా ఒక మనిషి. ఆ జామీను తన సేనాని కొడుకైన యువకుడు. హైదర్ ఆ కుర్రవాణ్ణి దగ్గరకు తీశాడు, తండ్రిని మెచ్చుకున్నాడు, మాటల్లో పెట్టాడు. ఇంత గట్టి కోట ఎందుకు వదులుకుంటున్నారన్న ప్రస్తావన వచ్చింది. కుర్రవాడు ఉన్నమాట చెప్పేశాడు: పైన మూడు రోజులకు సరిపడా నీళ్లే ఉన్నాయి. అంతే. హైదర్ ఏదో సాకు చూపి సంధిని పక్కన పెట్టాడు, ముట్టడి మళ్లీ బిగించాడు. కోట లొంగింది.

విల్క్స్ ఇంగ్లీషు కంపెనీ మనిషి. హైదర్‌ను మాయలమారిగా చూపించడం ఆయనకు ఇష్టమేనన్నది మరచిపోకూడదు. సంభాషణ అచ్చం ఇలాగే జరిగిందో లేదో గాని, నీటి కొరతే కోటను దించిందన్న మాట తర్వాతి జిల్లా గెజెటీరు దాకా నిలిచింది. మురారి రావును శ్రీరంగపట్నానికి, అక్కడి నుంచి కబ్బాలదుర్గానికి తీసుకుపోయారు. గాలీ నీరూ రెండూ ఒంటికి పడవని పేరుపడ్డ కొండజైలు అది. ఆయన అక్కడే పోయాడు. బళ్లారి పక్కన సండూరు సంస్థానాన్ని 1949 దాకా ఏలింది ఘోర్పడే వంశంవాళ్లే.

మసాదా: నీళ్లు మిగిలిన కోట

ఇప్పుడు మసాదా. తెలుగు బైబిలు చదివినవాళ్లకు హేరోదు రాజు పేరు కొత్త కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటిస్తూ, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆ హేరోదే క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం చివరి భాగంలో మసాదాను రాజభవనాలతో సహా కట్టించాడు. కొండ తూర్పు పక్క మృత సముద్రం వైపు నాలుగు వందల మీటర్ల పైన నిట్టనిలువుగా ఉంటుంది. పైన చదునైన నేల, చుట్టూ రెండు వరసల గోడ.

అక్కడి నీటి ఏర్పాటు చూస్తే గుత్తి ఒడ్డెవాళ్లు కూడా చేతులు జోడిస్తారు. పక్క లోయల్లో ఏడాదిలో ఒకటి రెండు సార్లు వరద వస్తుంది, అదీ కొన్ని గంటలే. ఆ వరదకు అడ్డుకట్టలు కట్టి, కాలువల్లో మళ్లించి, కొండ వాయవ్య వాలులో తొలిచిన పన్నెండు పెద్ద తొట్లలో నింపారు. వాటిలో పట్టే నీళ్లు దాదాపు 40,000 ఘనపు మీటర్లు, అంటే నాలుగు కోట్ల లీటర్లు. అక్కడి నుంచి మనుషులూ గాడిదలూ మోసి శిఖరం మీది తొట్లలో పోసేవాళ్లు. హేరోదుకు స్నానశాలలు, ఈతకొలను కూడా ఉండేవి. ఎడారి నడుమ ఈతకొలను కట్టించుకోవడం అహంకారమో, ఇంజనీర్ల మీద నమ్మకమో చెప్పడం కష్టం.

క్రీ.శ. 66లో రోము మీద యూదుల తిరుగుబాటు మొదలైంది. 70లో యెరూషలేము దేవాలయం బూడిదయ్యాక, తిరుగుబాటుదారుల్లో ఒక వర్గం కుటుంబాలతో సహా మసాదాలో మిగిలింది. 73లోనో 74లోనో రోమన్ గవర్నరు ఫ్లావియస్ సిల్వా పదో దళంతో వచ్చాడు. కొండ చుట్టూ గోడ, ఎనిమిది శిబిరాలు. పైవాళ్లను దాహంతో లొంగదీయడం కుదరదని అతనికి తెలుసు. దాహం అసలు తన సైన్యానిదే, తాగే నీళ్లను దూరం నుంచి మోయించుకోవలసింది అతను. అందుకే పడమటి పక్క మట్టీ రాళ్లూ పోయించి గోడ దాకా ఏటవాలు కట్ట కట్టించాడు. ఆ కట్ట ఇప్పటికీ ఉంది. గోడ పగిలిన మరునాడు సైనికులు లోపలికి వెళ్లేసరికి 960 మంది చచ్చి పడి ఉన్నారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. బానిసలుగా బతకడం కంటే ఒకరి చేతిలో ఒకరు చావడం మేలనుకున్నారు. తిండిగింజలను మాత్రం తగలబెట్టలేదట, ఆకలికి చావలేదని శత్రువుకు తెలియాలని. ఇద్దరు స్త్రీలు, అయిదుగురు పిల్లలు బతికారు. వాళ్లు దాక్కున్నది భూగర్భంలోని నీటి కాలువల్లో.

జోసీఫస్ ఆ రాత్రి అక్కడ లేడు. 1963 నుంచి 1965 దాకా యిగాయెల్ యాదీన్ నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. దేశదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు పారలు పట్టారు. గోడలు, తొట్లు, తోలుచుట్టలు, పేర్లు రాసిన కుండపెంకులు దొరికాయి. సామూహిక ఆత్మహత్య జరిగిన తీరు మీద పండితుల తగువు ఇంకా తెగలేదు. తగువుతో పని లేకుండా మసాదా కొత్త దేశానికి గుర్తుగా మారింది. సైనికులు అక్కడ ప్రమాణాలు చేశారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

గుత్తికి అలాంటి పేరు ఎందుకు రాలేదు? కోటను పోగొట్టుకున్నవాడు మరాఠా, గెలిచినవాడు మైసూరువాడు, కథ రాసినవాడు ఇంగ్లీషువాడు. తెలుగువాడు దీన్ని తన కథగా ఎప్పుడూ చెప్పుకోలేదు. మసాదాతో సరితూగే కథ తెలుగులో వేరే చోట పుట్టింది. 1757 జనవరి 24న బొబ్బిలిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు గోడ పగలగొడుతుంటే, వెలమ వీరులు తమ ఆడవాళ్లనూ పిల్లలనూ తామే చంపుకుని కత్తులు పట్టుకుని బయటికి దూకారు. రాజా రంగారావు పసికొడుకు బతికి బయటపడ్డాడు. బుర్రకథలు, జంగం కథలు, సినిమాలు ఆ కథను ఇంటింటికీ చేర్చాయి. బొబ్బిలిది తోటల సీమలో మట్టికోట, అక్కడ నీళ్ల కరువన్నదే లేదు. కథలో మసాదాకు జోడీ బొబ్బిలి, కొండలో మసాదాకు జోడీ గుత్తి. రెండూ ఒక్కచోట కుదిరి ఉంటే గుత్తి బాట ఇవాళ ఇంత ఖాళీగా ఉండేది కాదు.

మన్రో సమాధి, నీలం సాలీడు

1799లో టిప్పు చనిపోయాక గుత్తి నిజాము వాటాకు వచ్చింది. మరుసటి ఏడే నిజాము ఈ జిల్లాలన్నిటినీ కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. మొదటి పెద్ద కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఊరూరా తిరిగి భూములు కొలిపించి, రైతుకూ సర్కారుకూ మధ్య దళారీ లేకుండా శిస్తు కట్టే పద్ధతి పెట్టాడు. మద్రాసు గవర్నరై, ఇంగ్లండుకు వెళ్లబోయే ముందు పాత జిల్లాలను ఒకసారి చూసి రావాలని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింది శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తిలో మిగిలింది ఖాళీ సమాధి. సీమలో చాలాకాలం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తెల్లదొర పేరుకు అప్ప తగిలించడం రాయలసీమకే చెల్లింది.

జంతుశాస్త్రం చదివినవాళ్లకు గుత్తి ఇంకోలా తెలుసు. ఒళ్లంతా మెరిసే నీలంతో ఉండే పెద్ద సాలీడు ఒకటి ప్రపంచమంతా గుత్తి పేరుతోనే చలామణీలో ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప డిపోలో. అది అడవి దుంగలతో పాటు ఇక్కడికి వచ్చింది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవి. ఇప్పుడు అంతరించే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. కోట మీద దాన్ని వెతికి లాభం లేదు.

ఎక్కాలనుకునేవాళ్లకు

కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుత్తి జంక్షన్ స్టేషను ఊరికి కొంచెం దూరం, బస్సులో వచ్చేవాళ్లకు సులువు. పాత ఊరి వీధుల గుండా నడిస్తే మొదటి వాకిలి వస్తుంది. ఇళ్లూ కోటగోడా అక్కడ కలగలిసి ఉంటాయి. అక్కడి నుంచి శిఖరానికి గంటన్నర నుంచి రెండు గంటలు. మసాదాకు 1971 నుంచి తీగబండి ఉంది. కాలినడకన వెళ్లేవాళ్లు పాము మెలికల బాటలో తెల్లవారుజామునే ఎక్కుతారు. గుత్తికి తీగబండి లేదు, కాలిబాటే గతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి వచ్చిందంటే తొమ్మిది గంటలకే బండ కాలుతుంది. తొట్లలో నీళ్లు కనిపించినా తాగడానికి పనికిరావు. పైన దుకాణమేదీ ఉండదు కాబట్టి మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా కింది నుంచే మోసుకోవాలి. వానలు వెలిసిన కొత్తల్లో వెళితే దొనలు నిండి ఉంటాయి. కట్ట ఎక్కడ కట్టారు, వాన ఏ వాలు మీద జారి ఎందులోకి చేరేది అన్నది అప్పుడు బాగా తెలుస్తుంది. బురుజు అంచుల దగ్గర పిట్టగోడలు వదులుగా ఉన్నాయి, పిల్లల చేయి వదలకూడదు.

మధ్యాహ్నానికి దిగితే ఎర్రగుడి చూడటానికి పొద్దుంటుంది. గుత్తి నుంచి పత్తికొండ దారిలో పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దానివి. అంటే మసాదాకు హేరోదు పునాదులు తవ్వించడానికి రెండు వందల ఏళ్ల ముందే ఈ పీఠభూమి మీద రాజు మాట రాతికెక్కింది. ఆ చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. ఏటవాలు ఎండ పడే సాయంత్రం పూట అక్షరాలు బాగా కనబడతాయి. అది చూసుకుని గుంతకల్లు చేరితే రాత్రి రైలు అందుతుంది.